పదకొండు మంది... నాలుగు గదులు... ఒక్క కిటికీ!

తెర మీద ఓడ కనబడగానే మనకేం గుర్తొస్తుంది? ఓడ ముక్కు చివర చేతులు బార్లా చాపిన హీరోయిన్, వెనక హీరో, ఎదురుగా కుంకుమ రంగు ఆకాశం! 'టైటానిక్' వచ్చింది 1997లో. ఇన్నేళ్లయినా పడవెక్కిన కుర్రజంటకి ఆ ఫోజు పెట్టందే తోచదు.

అయితే ఒక్క సంగతి గమనించారా? ఆ సినిమాలో ప్రేమ పుట్టింది డెక్కు మీదే అయినా, మనుషుల అంతస్తులు తేల్చింది మాత్రం గదులు! రోజ్‌ది పైన రాణివాసం లాంటి సూట్. జాక్‌ది అడుగున, ఒకళ్ల మీద ఒకళ్లు పడుకునే బంకుల గది. జాక్ ఒంటిగాడు కాబట్టి ఎక్కడ నడుం వాల్చినా చెల్లిపోయింది. అదే అతగాడి వెంట తాత, అవ్వ, నాయన, అమ్మ, చిన్నాయన, చిన్నమ్మ, మేనత్త, ఓ చెల్లెలు, ఇద్దరు బుడతలు వుండి వుంటే? పేకాటలో గెలిచిన టిక్కెట్లతో కథ నడిచేదా?

ఈ వారం మన కథ అలాంటి పదకొండు మందిది. కుటుంబం మనం ఊహించుకున్నదే. ఊరు మాత్రం నికార్సయినది... పెబ్బేరు!

సంత నుంచి సముద్రానికి

హైదరాబాదు నుంచి బెంగుళూరు వెళ్లే 44వ నెంబరు జాతీయ రహదారి మీద, వనపర్తి జిల్లాలో వుంది పెబ్బేరు. శనివారం సంత, ఆ సంతలో ఎడ్లూ గొర్రెలూ... చుట్టుపక్కల పల్లెలకి పెబ్బేరంటే ముందు గుర్తొచ్చేది అదే. అదే రోడ్డు పట్టుకుని ఇంకాస్త దక్షిణంగా పోతే బీచుపల్లి. కృష్ణమ్మ, వంతెన, ఒడ్డున ఆంజనేయస్వామి. కొల్లాపూర్ వైపు పోతే సోమశిల. అక్కడ పర్యాటక శాఖ లాంచీ ఎక్కితే కొండల మధ్య నుంచి శ్రీశైలం చేరొచ్చు. అంటే నీళ్లు మనవాళ్లకి కొత్త కాదు. పుట్టిలో కృష్ణ దాటిన పెద్దవాళ్లు ఈ పల్లెల్లో ఇంకా వున్నారు. దూరమైనది సముద్రమే.

పాలమూరు మనిషి పలుగూ పారా పట్టుకుని దేశమంతా తిరిగాడు. డ్యాములు కట్టాడు, కాలవలు తవ్వాడు. పని దొరికిన చోటే గుడిసె వేసుకుని, ఒకే కప్పు కింద పదిమందీ సర్దుకుని పడుకున్నాడు. మన కథలో తాతా అవ్వా ఆ తరం వాళ్లే అనుకోండి. పెళ్లయి యాభై ఏళ్లు. మనవడికి పంతొమ్మిదేళ్లు, చేతిలో ఫోను, నెత్తి నిండా సినిమాలు! "తాతా, ఈసారి ఓడల పోదాం. మూడు దినాలు సముద్రం మీదనే వుందాం" అన్నాడు. తాత నవ్వి వూరుకున్నాడు. అవ్వ మాత్రం ఒక్క ప్రశ్న వేసింది.

"ఇంతమందిమి ఎట్ల పండుకుంటం రా?"

చూశారా! ఓడ ఎంత పెద్దది, భోజనం ఎలా వుంటుంది, పాటలుంటాయా అని అడగలేదు. గుడిసెల్లో సంసారం నడిపిన మనిషి కనుక అసలు చిక్కు ఎక్కడుందో వెంటనే పట్టేసింది. ఆ ప్రశ్నకి జవాబు వెతకటమే ఈ వ్యాసం పని.

వెండితెర ఓడలు

కుటుంబాలు నీళ్ల మీద కలిసి తిరిగే కథలు మనకి కొత్తేం కాదు. 1973లో బాపు–రమణల 'అందాల రాముడు', 2006లో శేఖర్ కమ్ముల 'గోదావరి'. రెండింటిలోనూ భద్రాచలం వెళ్లే పడవే ఒక ఊరు. తగువులూ అక్కడే, తాంబూలాలూ అక్కడే! 2010లో కమల్ హాసన్, త్రిష, మాధవన్‌ల 'మన్మథ బాణం' మనల్ని విదేశాల ఓడ ఎక్కించింది. కానీ పెద్ద కుటుంబాన్ని మొత్తం పెద్ద ఓడలో కుదేసిన సినిమా అంటే జోయా అఖ్తర్ హిందీ చిత్రం 'దిల్ ధడక్‌నే దో' (2015). అమ్మానాన్నల ముప్ఫయ్యో పెళ్లిరోజుకి బంధుమిత్రులందరూ ఓడెక్కుతారు. డెక్కు మీద నవ్వులు, గదుల్లో తగువులు!

అన్నట్టు ఓ సరదా సంగతి. 'గోదావరి'లో కుక్క మనసులో మాట మనకి వినిపిస్తుంది. 'దిల్ ధడక్‌నే దో'లో అయితే కథ చెప్పేదే కుక్క. ఆ ప్లూటోకి గొంతు అరువిచ్చింది అమీర్ ఖాన్. తెర మీద చెల్లింది గానీ, నిజం క్రూయిజ్ ఓడల్లో చాలావాటిలో పెంపుడు కుక్కలకి ప్రవేశం లేదు. ఇంటి దగ్గర ఎవరికో అప్పజెప్పి రావాల్సిందే.

ఇంకో సంగతి దీనికన్నా తమాషాగా వుంటుంది. 'దిల్ ధడక్‌నే దో' తీసిన ఓడ పేరు 'సావరిన్'. పుల్‌మన్‌టూర్ అనే స్పెయిన్ కంపెనీ ఓడ అది. 2020లో కరోనా దెబ్బకి కంపెనీ చితికిపోయింది. ఆ ఓడని టర్కీలోని అలియాగా తీరానికి తోలి, ముక్కలు చేసి పాత ఇనుముగా అమ్మేశారు. మన అనుష్కా రణ్‌వీర్‌లు ఆడిపాడిన డెక్కు ఇవాళ ఎవరింట్లో కడ్డీలయిందో!

అదే కంపెనీలో కొన్నేళ్లు తిరిగిన ఇంకో ఓడ 'ఎంప్రెస్'. రెండూ ఫ్రాన్స్‌లోని సెయింట్ నజైర్ రేవులో పుట్టినవే. 'ఎంప్రెస్' 1990లో 'నార్డిక్ ఎంప్రెస్' పేరుతో ప్రయాణాలు మొదలుపెట్టింది. చేతులు మారీ మారీ, కోర్డేలియా అనే మన దేశపు కంపెనీ కొనుక్కోగా ఇటు వచ్చింది. 2022 జూన్‌లో విశాఖపట్నం రేవుకొచ్చినప్పుడు జనం తిరునాళ్లకొచ్చినట్టు వచ్చి చూశారు. ఆ తర్వాత 2023 సెప్టెంబరులో విశాఖలో ఇలాంటి ఓడల కోసమే కొత్త టెర్మినల్ తెరిచారు. సుమారు 96 కోట్లు ఖర్చయింది. ఓడలు ఏ నెలలో ఏ రేవు నుంచి బయల్దేరతాయన్నది సీజన్ని బట్టి మారుతుంది. ఒకప్పుడు విశాఖ, ఒకప్పుడు చెన్నై, ఒకప్పుడు ముంబాయి. వెళ్లదల్చుకున్నప్పుడు కనుక్కోవాలి. కానీ ఏ ఓడైనా, ఏ రేవైనా, గదుల లెక్క మాత్రం ఒక్కటే.

గదుల్లో నాలుగు రకాలు

ఓడలో గదిని క్యాబిన్ అంటారు. పేర్లు కంపెనీకొకటి పెడతారు గానీ అసలు రకాలు నాలుగే.

మొదటిది లోపలి గది. కిటికీ వుండదు. దీపం ఆర్పితే పట్టపగలు కూడా సెకండ్ షో హాల్లా చిమ్మచీకటి. ధర తక్కువ. నిద్రకి బ్రహ్మాండం. కాకపోతే తెల్లారిందో లేదో తెలియదు. రెండోది సముద్రం కనిపించే గది. కిటికీ వుంటుంది, తెరుచుకోదు. అద్దంలోంచి చూడటమే. మూడోది బాల్కనీ గది. తలుపు తీసి బయట కుర్చీ వేసుకోవచ్చు. గాలి, ఉప్పు వాసన, అలల చప్పుడు అన్నీ మన సొంతం. 'ఎంప్రెస్' లాంటి పాత తరం ఓడల్లో ఇవి తక్కువ. కొత్త ఓడల్లో వరసలు వరసలుగా వుంటాయి. నాలుగోది సూట్. ఇది నిర్మాతలకీ, మన రోజ్‌కీ!

ఇక్కడో మోసం లాంటి ముచ్చట వుంది. 'కిటికీ వుంది' అనగానే మురిసిపోకండి. కొన్ని కిటికీలకి ఎదురుగా ప్రాణరక్షక పడవ వేలాడుతూ వుంటుంది. సముద్రానికి బదులు మూడు రోజులూ ఆ పడవ పొట్ట చూస్తూ కూర్చోవాలి! అలాంటి గదులకి 'వీక్షణకి అడ్డం వుంది' అని కంపెనీ వాళ్లే చిన్న అక్షరాల్లో రాస్తారు. సినిమా టైటిల్స్‌లో చివరి పేర్లు చదివినంత ఓపిగ్గా అవి చదవాలి. ధర తగ్గుతుంది కనుక తెలిసి తీసుకుంటే తప్పు లేదు. తెలియక తీసుకుంటేనే ఏడుపు.

గది ఎంత వుంటుందంటారా? మన పెబ్బేరు ఇళ్లలో వాకిలి దాంట్లో సగం లేదు. రెండు మంచాలు, అవి కలిపితే ఒకటవుతాయి, విడదీస్తే రెండు. మూడో మనిషికీ నాలుగో మనిషికీ పైకప్పులోంచో గోడలోంచో బంకులు దిగుతాయి, అచ్చం రైల్లో పై బెర్తులాగా. కొన్నిట్లో సోఫానే మంచం అవుతుంది. పగలు పనివాళ్లు వచ్చి బంకులు మడిచేస్తారు, రాత్రికి మళ్లీ దించుతారు. చిన్నపిల్లల్ని పై బంకెక్కించకూడదు. మోకాళ్ల నొప్పులవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. స్నానాలగది ఒక్కటే. అందులో ఒకడు తువ్వాలు దులిపితే రెండోవాడి మొహానికి తగులుతుంది!

లెక్కల మాస్టారు ప్రవేశం

ఓడ ధర గదికి కాదు, మనిషికి. అదీ గదిలో ఇద్దరుంటారన్న లెక్కన. అదే గదిలో మూడో మనిషికీ నాలుగో మనిషికీ సాధారణంగా తగ్గిస్తారు. ఒక్కడే ఒక గదిలో వుంటానంటే మాత్రం ఇంచుమించు ఇద్దరి సొమ్ము కట్టించుకుంటారు. పన్నులూ రేవు ఖర్చులూ విడిగా అందరికీ పడతాయి.

అర్థం కావటానికి ఓ ఉత్తుత్తి లెక్క వేద్దాం. గదిలో మొదటి ఇద్దరికి మనిషికి వంద రూపాయలు, మూడు నాలుగు మనుషులకి అరవై అనుకోండి. మన పదకొండు మందిని నలుగురు, నలుగురు, ముగ్గురుగా మూడు గదుల్లో కుక్కితే 320, 320, 260. మొత్తం 900. అదే నాలుగు గదుల్లో ఇద్దరు, ఇద్దరు, ముగ్గురు, నలుగురుగా సర్దితే 200, 200, 260, 320. మొత్తం 980. ఆరు గదులు తీసుకుని అయిదింట్లో ఇద్దరిద్దరు, ఆరోదాంట్లో ఒక్కరు వుంటే 1200!

చూశారుగా తేడా! మూడు గదుల నుంచి నాలుగుకి వెళ్తే పెరిగింది 80. దాంతో ఇంకో స్నానాలగది, ఇంకో తలుపు దొరికాయి. ఆరుకి వెళ్తే పెరిగింది 300. అంత పోసినా ఒక మనిషి ఒంటరివాడయ్యాడు. అసలు ధరలు వేరే వుంటాయి గానీ లెక్క వేసే పద్ధతి ఇదే. ఒక్కసారి కాగితం మీద వేసుకుంటే ఏజంటు చెప్పిన మాట నిజమో కాదో తెలిసిపోతుంది.

పాత్రధారులు... ఎవరి పక్కన ఎవరు?

ఇప్పుడు మన మనవడు ఫోన్ తీశాడు. అతగాడు మొదట వేసిన ప్లాను వినండి. "నాకూ చెల్లికీ బాల్కనీ. తాతా అవ్వా అత్తా లోపలి గదిలో పడుకుంటారు. వాళ్లకి కిటికీ ఎందుకు, ఎట్లాగూ ఎనిమిదింటికే నిద్రపోతారు!"

యువ పాఠకులారా, కోపం తెచ్చుకోకండి. మనలో సగం మంది వేసే ప్లాను ఇదే. కానీ కాస్త ఆలోచించండి. ఓడలో కుర్రాళ్లు గదిలో వుండేదెంతసేపు? పొద్దున లేచింది మొదలు ఈతకొలను, ఆటలు, పాటలు, అర్ధరాత్రి దాకా డాన్సులు. గదికొచ్చేది బట్టలు మార్చుకోటానికీ, ఒరిగిపోటానికీ. రోజంతా గదిలో వుండేది ఎవరు? మోకాళ్ల నొప్పుల అవ్వ, ఎండకి తట్టుకోలేని తాత, మధ్యాహ్నం పడుకోబెట్టాల్సిన మూడేళ్ల బుడత. కిటికీ కావలసింది వాళ్లకి!

అందుకే అనుభవం వున్న ప్రయాణికులు వాడే కిటుకు ఒకటుంది. పెద్దవాళ్లకి కిటికీ గదో బాల్కనీ గదో ఒక్కటి తీసుకుంటారు. దానికి ఎదురుగా, నడవాకి ఇవతలి పక్క, లోపలి గదులు మిగతావాళ్లకి. పగలంతా అందరూ చేరేది ఆ ఒక్క కిటికీ దగ్గరే. అదే ఆ ఇంటికి అరుగు, అదే వాకిలి. డబ్బు ఒక్క గదికే ఎక్కువ పెట్టారు, సముద్రం మాత్రం పదకొండు మందికీ దక్కింది!

మనవడు రెండో ప్లాను వేశాడు. తాతా అవ్వలకి కిటికీ గది. ఎదురుగా లోపలి గదిలో మేనత్తా, పదిహేనేళ్ల చెల్లెలూ. చిన్నాయన, చిన్నమ్మ, ఏడేళ్లవాడు, మూడేళ్లవాడు ఒక గదిలో. నాయన, అమ్మ, తాను ఇంకో గదిలో. మొత్తం నాలుగు. మేనత్త ఒంటరిది కాలేదు. చెల్లెలికి అన్న గురక బాధ తప్పింది. పిల్లల గొడవ పెద్దలకి తగల్లేదు. మొదటి ప్లానుకీ దీనికీ ఎంత తేడా!

ఇక్కడ రెండు ఇంగ్లీషు మాటల దగ్గర చాలామంది బోల్తా పడతారు. 'కనెక్టింగ్' గదులంటే రెంటికీ మధ్య లోపలే తలుపుంటుంది. 'అడ్జాయినింగ్' అంటే పక్కపక్కన వుంటాయంతే, మధ్యలో గోడే. చిన్నపిల్లల్ని ఒక గదిలో, తల్లిదండ్రులు ఇంకో గదిలో అనుకునేవాళ్లకి కావలసింది మొదటి రకం. ఇవి ఓడ మొత్తం మీద తక్కువే వుంటాయి కాబట్టి ముందుగానే అడిగి పట్టుకోవాలి. ఆఖరి నిమిషంలో అడిగితే హౌస్‌ఫుల్ బోర్డే! పక్కపక్క బాల్కనీ గదులైతే మధ్య అడ్డుపలకని తీసి ఒకటే వసారాలా చేసే వీలు కొన్ని ఓడల్లో వుంటుంది. అదీ అడిగితేనే.

ఇంకో సంగతి. పేరుకి ప్రతి గదిలోనూ ఒక పెద్దమనిషి వుండాలి. పిల్లల్ని మాత్రమే ఒక గదిలో రాయనివ్వరు. టిక్కెట్టులో మేనత్త పేరు, చెల్లెలి పేరు కలిపి రాశాం కనుక మనకి చిక్కు లేదు. ఆరు నెలలు నిండని పసిపిల్లల్నీ, ఆరో నెల దాటుతున్న గర్భిణుల్నీ చాలా కంపెనీలు ఎక్కించుకోవు. ఇంట్లో అలాంటివాళ్లుంటే డబ్బు కట్టకముందే కంపెనీ నిబంధన చదవండి.

బాల్కనీలోనా, నేల టిక్కెట్టులోనా?

సినిమా హాల్లో సీటు ఎంచుకోటం మనకి నేర్పక్కర్లేదు. ఓడలో మాత్రం లెక్క తిరగబడుతుంది. హాల్లో బాల్కనీ గొప్ప, నేల తక్కువ. ఓడలో కుదుపు తెలియని చోటు కింది అంతస్తు, అదీ ఓడ నడిమధ్య. ఉయ్యాల బల్ల గుర్తు తెచ్చుకోండి. చివర్న కూర్చున్నవాడు పైకీ కిందకీ ఎగురుతాడు, మధ్యలో వున్నవాడు కదలడు. ఓడ కూడా అంతే. ముక్కు దగ్గరా తోక దగ్గరా, పై అంతస్తుల్లో వూపు ఎక్కువ. బస్సెక్కితేనే కడుపులో తిప్పే చిన్నమ్మలాంటి వాళ్లకి నడిమధ్య గదే మందు.

తర్వాత చప్పుడు. ప్రతి ఓడకీ అంతస్తులవారీగా పటం వుంటుంది. కంపెనీ వాళ్లే ఇస్తారు. మీ గది ఎక్కడుందో చూసుకోటంతో ఆపకండి. దాని నెత్తిన ఏముంది, కాళ్ల కింద ఏముంది చూడండి. నెత్తిన ఈతకొలను డెక్కు వుంటే తెల్లవారుజామున కుర్చీలు ఈడ్చే చప్పుడు. కాళ్ల కింద నాటకశాలో డాన్సు హాలో వుంటే అర్ధరాత్రి దాకా దబదబ. వంటశాల దగ్గరుంటే గిన్నెల మోత. పైనా కిందా కూడా గదులే వున్న అంతస్తు అన్నిటికన్నా శ్రేష్ఠం. లిఫ్టుకి దగ్గరగా వుండాలి, లిఫ్టుకి ఎదురుగా మాత్రం వుండకూడదు. అవ్వ నడవగలిగేంత దూరం, జనం కబుర్లు వినిపించనంత దూరం. తాత చక్రాల కుర్చీ మనిషైతే, తలుపు వెడల్పుగా వుండే ప్రత్యేక గదులుంటాయి. అవి కొన్నే వుంటాయి కనుక మొట్టమొదట అడగాల్సింది వాటి సంగతే.

ఇక చవకరకం వల ఒకటుంది. 'రకం మీరు చెప్పండి, నెంబరు మేం ఇస్తాం' అంటారు. ధర తగ్గుతుంది. ఒంటిగాడు జాక్‌కి ఇది చక్కటి బేరం. పదకొండు మంది కుటుంబానికి మాత్రం గండం! తాతా అవ్వా మూడో అంతస్తు ముక్కు దగ్గరా, మేనత్త తొమ్మిదో అంతస్తు తోక దగ్గరా తేలితే ఎవర్ని తిట్టుకుంటారు? పెద్ద కుటుంబాలు నెంబర్లు చూసి ఎంచుకోవాల్సిందే. నాలుగు గదుల టిక్కెట్లనీ ఒకదానికొకటి జతచేయమని చెబితే భోజనాల బల్ల కూడా ఒకే చోట దొరికే అవకాశం వుంటుంది.

నవ్వులాట కాని ఒక్క మాట

గదిలో నాలుగు బెర్తులున్నా ఒక్కోసారి ముగ్గుర్నే రాసుకుంటామంటారు. ఏజంటు మీద కోప్పడకండి. ఓడలో ఒక్కో భాగానికి ప్రాణరక్షక పడవల్లో ఇన్ని సీట్లని లెక్క వుంటుంది. ఆ లెక్క నిండితే, బెర్తు ఖాళీగా వున్నా మనిషిని ఎక్కించరు. ఇది చాదస్తం కాదు. టైటానిక్‌లో పడవలు మనుషులకి చాలలేదు. ఆ ఘోరం జరిగింది 1912లో. 1914లో కొన్ని దేశాలు కూర్చుని సముద్ర ప్రయాణాల భద్రతకి అంతర్జాతీయ ఒప్పందం రాసుకున్నది ఆ పాఠంతోనే.

2012 జనవరి 13న ఇటలీ తీరంలో 'కోస్తా కాంకోర్డియా' రాయికి తగిలి ఒరిగిపోయింది. 32 మంది చనిపోయారు. ఫ్రెంచి దర్శకుడు గొడార్డ్ తన 'ఫిల్మ్ సోషలిజం'లో చూపించిన ఓడ అదే. ఆ సాయంత్రం కొత్తగా ఎక్కినవాళ్లకి ప్రమాదం వస్తే ఎక్కడ చేరాలో ఇంకా చూపించనే లేదు. అందుకే 2015 నుంచి ఓడ కదలకముందో, కదిలిన వెంటనేనో ఆ శిక్షణ జరిపి తీరాలని నిబంధన వచ్చింది. సముద్రం దాకా ఎందుకు? 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరి ఏం చేసిందో మనం మర్చిపోగలమా?

ప్రమాద సమయంలో చేరాల్సిన చోటుని చాలా ఓడల్లో మీ గదిని బట్టే నిర్ణయిస్తారు. ఆ గుర్తు గది తాళంకార్డు మీద వుంటుంది. పిల్లలు రాత్రిళ్లు గదులు మారి పడుకునేట్టయితే ఆ మాట రిసెప్షన్‌లో చెప్పండి. శిక్షణ గంట మోగినప్పుడు సెల్ఫీలు మాని, అవ్వ చెయ్యి పట్టుకుని అక్కడిదాకా నడవండి. దారి ఆమెకీ తెలియాలి. గదులు ఒకే అంతస్తులో, ఒకే చోట వుండాలని ఇంతసేపూ చెప్పిందానికి అన్నిటికన్నా పెద్ద కారణం ఇదే.

క్లైమాక్స్: అమ్మ ఎక్కడ?

మనవడు నాలుగు గదులూ ఎంచుకున్నాడు. పటం చూశాడు, లెక్క వేశాడు, లిఫ్టు దూరం కొలిచాడు. డబ్బు కట్టే మీట నొక్కబోతూ చివరిసారి పేర్లు చదువుకున్నాడు. తాతకి కిటికీ. అవ్వకి కింది మంచం. చిన్నమ్మకి నడిమధ్య గది. నాయనకి మంచం. తనకి...

తన గదిలో ముగ్గురు. మంచాలు రెండు. పై బంకు ఒకటి. మూడో బెర్తు సోఫాయేమో అనుకుని అమ్మ పేరు దానికి రాసుకున్నాడు మనసులో. ఆ గదిలో సోఫా లేదు. వున్నది బంకే. అంటే నలభై అయిదేళ్ల అమ్మ నిచ్చెనెక్కాలి!

ఇది ఓడలో పుట్టిన సంగతి కాదు. మన ఇళ్లలో పెళ్లిళ్లయినా, పండగలైనా, ఊరి నుంచి చుట్టాలొచ్చినా అందరికీ పక్కలు పరిచాక మిగిలిన జానెడు చోట్లో పడుకునేది ఎవరు? వంటింటి గడప పక్కన, చాప కూడా లేకుండా, "నాకేమైతది, ఇక్కడ చాలు" అనేది ఎవరు? ఆమె అడగదు కనుక మనకి గుర్తుండదు. తెర మీద 'దిల్ ధడక్‌నే దో' తల్లి షెఫాలీ షా కూడా అంతే. అంత డబ్బున్న ఓడలోనూ లోపల్లోపలే మింగుకుంటూ వుంటుంది.

మనవడు బంకు తనకి రాసుకున్నాడు. "పై బెర్తు నాది. అమ్మకి కింద" అని నాయనకి చెప్పాడు. ఖర్చు పైసా పెరగలేదు!

కాబట్టి మిత్రులారా, ఇంట్లో ఇలాంటి ప్రయాణం తలపెడితే ఫోను పట్టుకునేది ఎలాగూ మీరే. సొమ్ము కట్టేముందు రెండే రెండు ప్రశ్నలు వేసుకోండి. రాత్రి రెండింటికి తాతకి దగ్గు తెర వస్తే మంచినీళ్లిచ్చే మనిషి ఎన్ని అడుగులు నడవాలి? అందరికీ పంచాక అమ్మకి మిగిలిన మంచం ఏది? ఈ రెంటికీ మంచి జవాబు దొరికితే లోపలి గదైనా స్వర్గమే. దొరక్కపోతే సూట్ కూడా దండగే.

ఇక అవ్వ ప్రశ్నకి జవాబు. "ఇంతమందిమి ఎట్ల పండుకుంటం రా?"

"నాలుగు అర్రలల్ల అవ్వా. అన్నీ ఒక్క తావున్నే. కిటికీ మాత్రం నీకు!"